కాలేజీ లైబ్రరీలోకి ఊరివాళ్ళని రానివ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒంగోలు_రీడర్:
అందరికీ నమస్తే. నేను ప్రకాశం జిల్లాలో ఒక గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళ తనిఖీ వస్తోంది కదా, లైబ్రరీ తరఫున ఊరికోసం కూడా ఏదైనా ప్రోగ్రాం చెయ్యమన్నారు ప్రిన్సిపాల్ గారు. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎలాగూ చేస్తాం, వ్యాసరచన, వక్తృత్వం, పుస్తక ప్రదర్శన, చివరిరోజు ప్రైజులు, పేపర్లో ఫోటో. దాంతోనే సరిపెట్టేయొచ్చు గానీ నాకు మనసొప్పట్లేదండీ, 21వ తారీకు నుంచి మళ్ళీ బయటివాళ్ళెవరూ గేటు దాటరు.

మధ్యాహ్నం మూడున్నర దాటితే మా రీడింగ్ హాల్లో కుర్చీలన్నీ ఖాళీ. గేటు ఎదురుగా జిరాక్స్ షాపు అరుగు మీద మాత్రం కానిస్టేబుల్‌కి, గ్రూప్-2కి ప్రిపేరయ్యే పిల్లలు ఒక్క పుస్తకం మధ్యలో పెట్టుకుని ముగ్గురు చదువుతుంటారు. వాళ్ళలో చాలామంది మా దగ్గర డిగ్రీ చేసి వెళ్ళినవాళ్ళే, ఇప్పుడు ఐడీ కార్డు లేదని లోపలికి రారు. అది చూసినప్పుడల్లా కష్టంగా ఉంటుంది నాకు.

నా భయాలు కూడా చెప్తాను. పుస్తకం పోతే స్టాక్ వెరిఫికేషన్‌లో సమాధానం చెప్పాల్సింది నేను. మా దగ్గర ఆడపిల్లలు ఎక్కువ, బయటివాళ్ళు వస్తున్నారంటే తల్లిదండ్రులు ఏమంటారో. ఆన్‌లైన్ జర్నళ్ళు, ఈ-పుస్తకాలు చదవడానికి కాలేజీకిచ్చే ఎన్-లిస్ట్ పాస్‌వర్డ్ ఇవ్వమంటే ఏం చెప్పాలి. ఉన్నది ఒక్క అటెండర్, అయిదుకల్లా బస్సుకి వెళ్ళిపోతాడు. ఇలాంటిది నిజంగా నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

కోనసీమ_శెల్ఫ్:
మేడమ్, పుస్తకాలు ఇంటికి ఇవ్వడంతో మాత్రం మొదలుపెట్టకండి. ముందు కూర్చుని చదువుకోనివ్వండి చాలు, ఆ పిల్లలకి కావాల్సింది కూడా అదే, ఫ్యాను, టేబులు, నిశ్శబ్దం, మంచినీళ్ళు. వాళ్ళ మెటీరియల్ వాళ్ళు తెచ్చుకుంటారు, మీరు రెండు పేపర్లు, తెలుగు అకాడమీ పుస్తకాలు ఒక సెట్టు టేబుల్ మీద పెడితే చాలు. మేం ఇలాగే చేశాం, ఇప్పటికీ నడుస్తోంది.

స్టాక్ గురించి భయపడొద్దు. బయటివాళ్ళ టేబుల్ మీద పెట్టేవి డొనేషన్ పుస్తకాలే పెట్టి వాటికి విడిగా రిజిస్టర్ రాయండి, కాలేజీ యాక్సెషన్ నంబర్లు (స్టాక్ రిజిస్టర్ నంబర్లు) ఉన్న పుస్తకాలతో కలపొద్దు. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా వాడుతుంటే బయటి పాఠకులు అని పేట్రన్ కేటగిరీ (సభ్యుల రకం) ఒకటి కొత్తగా పెట్టి చెక్ఔట్ సున్నా అని రూల్ ఇచ్చేయండి, మీరు సెలవులో ఉన్నరోజు ఎవరైనా మొహమాటపడి ఇద్దామన్నా సిస్టమ్ ఒప్పుకోదు. సంతకాల పుస్తకంలో పేరు, ఊరు, ఫోన్ నంబర్ చాలు. ఆధార్ జిరాక్స్ అడగొద్దండీ, అది అడిగామంటే సగం మంది మళ్ళీ అరుగు మీదకే పోతారు.

ఎన్-లిస్ట్ మాత్రం ఇవ్వకూడదు, అది కాలేజీలో రిజిస్టరైన స్టాఫ్‌కి, స్టూడెంట్స్‌కి మాత్రమే. బయటివాళ్ళకి ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళ నేషనల్ డిజిటల్ లైబ్రరీ చూపించండి, ఎవరైనా ఉచితంగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆ సంస్థ సైట్లోనే పీడీఎఫ్‌లుగా ఉన్నాయి, గ్రూప్స్ వాళ్ళకి అవే సగం బలం.

ఎన్ఎస్ఎస్_అక్క:
నేను ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌ని. పైన చెప్పింది బావుంది గానీ అది గేటు దాకా వచ్చేవాళ్ళ సంగతి, రాలేనివాళ్ళ దగ్గరికి మనమే పోవాలి కదా. ఏడు రోజుల స్పెషల్ క్యాంపు దత్తత గ్రామంలో ఎలాగూ పెడతాం, దానికి ఒక పెట్టె పుస్తకాలు జోడించండి, పెద్దక్షరాలవి, పిల్లల కథలు, ఆరోగ్యం, వ్యవసాయం. డ్వాక్రా మీటింగ్ ఏ రోజో ముందే కనుక్కుని ఆ రోజే వెళ్ళండి, కొత్తగా మీటింగ్ పెడితే పనులు మానుకుని ఎవరూ రారు.

మేం వెళ్ళినప్పుడు మా స్టూడెంట్ ఒకమ్మాయి కథ పైకి చదువుతోంది, ఒక పెద్దావిడ మొత్తం విని, రవికలోంచి మడిచిన కాగితం తీసి "ఇది కూడా చదివిపెట్టమ్మా" అంది. బ్యాంకు వాళ్ళు పంపిన లోన్ నోటీసు. అప్పటిదాకా దాంట్లో ఏముందో ఆమెకి తెలీదు. ఆ తర్వాత మేం పెట్టెతోపాటు కాగితాలు చదివిపెట్టే టేబుల్ కూడా వేస్తున్నాం, పుస్తకాల కన్నా దానికే జనం ఎక్కువ, వచ్చినవాళ్ళు పిల్లలకి కథల పుస్తకం పట్టుకెళ్తారు. సంతకాలవీ మనం పెట్టించకూడదు, చదివి చెప్పడం వరకే, ఇది వాలంటీర్లకి గట్టిగా చెప్పండి.

న్యాక్ సంగతంటారా, ఎక్స్‌టెన్షన్ అంటే ఊరికోసం చేసే పనులు, మూడో క్రైటీరియన్, లైబ్రరీ నాలుగోది, ఇదే పని రెండింటిలోనూ చూపించుకోవచ్చు.

పాత_కాలువగట్టు:
రిటైరైన లైబ్రేరియన్‌ని అమ్మా. మీరడిగేది మన ప్రాంతానికి కొత్తేం కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు, దాని వెనక అయ్యంకి వెంకటరమణయ్య గారు. 1935లో పాతూరి నాగభూషణం గారైతే పెదవడ్లపూడి నుంచి కొల్లిపర వైపు కాలువలో పోయే పడవల్లోనే పుస్తకాలు పెట్టించారు, ప్రయాణం ఎలాగూ గంటలు గంటలు పట్టేది, జనం ఖాళీగా కూర్చునేది అక్కడే కదా. జనానికి తీరికెప్పుడో చూసి పుస్తకం అక్కడికి చేర్చారన్నమాట.

అందుకే ఒకటి అడుగుతాను, మీ ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉందా? ఉంటే ముందు వాళ్ళతో మాట్లాడండి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఊరివాళ్ళు కడుతూనే ఉన్నారు, అది వాళ్ళ లైబ్రరీ. చాలాచోట్ల పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తీస్తారు, మధ్యలో మూసి ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఎండలో పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? మీరు మూడున్నర తర్వాత అంటున్నారు, అప్పుడైతే శాఖా గ్రంథాలయం కూడా తెరుస్తారు. పదకొండు నుంచి మూడు దాకా నాలుగు టేబుళ్ళు ఇవ్వగలరేమో చూడండి, అటెండర్ బస్సు గొడవ కూడా ఉండదు.

ఒంగోలు_రీడర్:
సర్, ఈ టైము సంగతి నాకు తట్టనే లేదు, చాలా థాంక్స్. శాఖా గ్రంథాలయం ఉంది, బస్టాండ్ వెనకాల, మధ్యాహ్నం మూసే ఉంటుంది నిజమే. ఆ టైములో మా పిల్లలకి క్లాసులుంటాయి కాబట్టి హాలు మరీ నిండదు, పీరియాడికల్స్ వైపు నాలుగు టేబుళ్ళు ఇవ్వొచ్చు, అటువైపు వరండాలోంచి వేరే తలుపు కూడా ఉంది. అక్కా, మీ చదివిపెట్టే టేబుల్ క్యాంపులో తప్పకుండా పెడతాం. ఆడపిల్లల విషయం మాత్రం ఎలా అంటారు?

కోనసీమ_శెల్ఫ్:
వేరే తలుపుంటే సగం తీరిపోయింది మేడమ్. మొదటి నెల మీ కాలేజీ పాత స్టూడెంట్స్‌కే అనండి, టీసీ రికార్డుల్లో వాళ్ళ పేర్లు ఉంటాయి, తల్లిదండ్రులకి చెప్పడానికీ తేలిక. ఒక టేబుల్ ఆడవాళ్ళకే రాసిపెట్టండి, ప్రిపేరయ్యే అమ్మాయిలు ఊళ్ళో చాలామంది ఉంటారు, అరుగుల మీద కూర్చోలేరు కాబట్టి మనకి కనపడరంతే. నోటిమాట మీద మాత్రం మొదలుపెట్టకండి, స్టాఫ్ కౌన్సిల్‌లో తీర్మానం చేయించుకోండి, టైము, టేబుళ్ళు, ఇంటికి పుస్తకాలు ఇవ్వం అన్న మాట, సీసీటీవీ ఉన్నవైపే సీటింగ్ అన్న మాట అందులో రాయించండి. రేపు ప్రిన్సిపాల్ గారు బదిలీ అయినా కాగితం ఉంటుంది. మా తీర్మానం కాపీ పేర్లు తీసేసి మెసేజ్‌లో పంపుతాను.