బొడ్డు పక్కన నొప్పి, గడ్డ మాత్రం తగలదు: స్పైజీలియన్ హెర్నియా ఎవరికైనా వచ్చిందా?

మారతహళ్ళి కోడలు: మా అత్తగారికి 68 ఏళ్ళు. బొడ్డుకు ఎడమవైపు కాస్త కిందగా నొప్పి. వంటింట్లో నిలబడితే ఎక్కువవుతుంది, పడుకుంటే పోతుంది. ఒకచోట స్కాన్ తీసి గ్యాస్ అన్నారు. ఇంకో డాక్టరుగారు స్పైజీలియన్ హెర్నియా కావచ్చంటున్నారు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

కేఆర్‌పురం రావు: మా నాన్నగారికి అదే వచ్చిందమ్మా. సర్జన్ బొమ్మ గీసి చూపించారు. పొట్ట మధ్యలో నిలువుగా ఉండే కండరం అంచున కన్నం పడుతుంది. పైన ఇంకో పొర కప్పి ఉంటుంది కాబట్టి పేగో కొవ్వో దాని కిందే పక్కకు జరుగుతుంది, బయటికి ఉబ్బు కనబడదు. పొట్ట హెర్నియాల్లో ఇది 1-2 శాతమేనట. అందుకే చాలామందికి వెంటనే తట్టదు.

విజయనగర్ లక్ష్మి: పడుకోబెట్టి తీసిన స్కాన్‌లో ఏమీ లేదంటే నమ్మి ఊరుకోకండి. మా అమ్మను రెండో చోట నిలబెట్టి, నొప్పి ఉన్న చోటే ప్రోబ్ (పొట్ట మీద ఆనించే స్కాన్ పరికరం) పెట్టి దగ్గమన్నారు. దగ్గినప్పుడు పొరల మధ్యకి ఏదో జారింది, ఊపిరి వదలగానే వెనక్కి పోయింది. నేనూ స్క్రీన్ మీద చూశాను. నిలబెట్టి, దగ్గించి చూడమని చీటీలోనే రాయించుకోండి. అప్పటికీ అనుమానం తీరకపోతే సీటీ అడగండి.

రిటైర్డ్ నర్సు: తేలాక మాత్రం వాయిదా వేయవద్దు తల్లీ. ఆ కన్నం చిన్నది, అంచులు గట్టివి. పేగు ఇరుక్కుంటే రక్తం అందదు. నొప్పి తగ్గకపోయినా, వాంతులైనా, గ్యాస్ కూడా పోకపోయినా అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ఇంకో మాట. బాగా సన్నబడిన పెద్దావిడకు తొడ లోపలివైపు మోకాలి దాకా నొప్పి లాగుతూ, పొట్ట ఉబ్బి వాంతులవుతుంటే అది ఆబ్చురేటర్ హెర్నియా, అంటే కటి ఎముకలోని కన్నంలోంచి పేగు జారే రకం, కావచ్చు. మోకాలి నొప్పి అనుకుని మందులు వాడుతూ కూర్చునేవాళ్ళను చూశాను, ప్రాణం మీదికి వస్తుంది.

మారతహళ్ళి కోడలు: ఆపరేషన్ ఎలా చేస్తారండీ? ఆవిడకు షుగరుంది.

కేఆర్‌పురం రావు: నాన్నగారికి కీహోల్‌లో, అంటే చిన్న కన్నాలు పెట్టి చేసి, లోపల మెష్ (వల లాంటి జాలీ) పెట్టారు. కొందరికి కోసే చేయాల్సి వస్తుంది. ఇన్సూరెన్స్ కాగితాలు ఇప్పుడే చూసుకోండి. చాలా పాలసీల్లో హెర్నియాకు 24 నెలల వెయిటింగ్ ఉంటుంది, పాలసీ తీసుకున్నాక అన్నాళ్ళు దాటితేగానీ డబ్బు ఇవ్వరు.

రిటైర్డ్ నర్సు: షుగరుంటే ముందు దాన్ని అదుపులోకి తెస్తారు, లేకపోతే కుట్లకు చీము పట్టే భయం. దగ్గు, మలబద్ధకం ఉంటే వాటికీ మందు అడగండి. ముక్కితే, గట్టిగా దగ్గితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. ఇంటికొచ్చాక నీళ్ళ బిందె, బియ్యం బస్తా లాంటివి ఎత్తనివ్వకండి. ఎన్నాళ్ళన్నది సర్జన్‌నే అడగండి.