రాయదుర్గం జీన్స్ యూనిట్లలో బీకాం పిల్లల లైవ్ ప్రాజెక్ట్: ఓనర్ లెక్కలు చూపించకపోతే ఏం చేయించాలి?

నమస్తే. అనంతపురం జిల్లా రాయదుర్గంలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్తాను. ఫైనలియర్ వాళ్లను నలుగురేసి ఊళ్లోని చిన్న జీన్స్ కుట్టే యూనిట్లకు పంపుతున్నాం. ఎనిమిది వారాలు, రోజూ మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. సర్టిఫికెట్ ఒక్కటే అయితే ఇంత తిప్పలు పడక్కర్లేదు, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంతంగా చేసిన పని ఉండాలని.

ఓనర్లు మంచోళ్లే. కానీ కొనుగోలు రేట్లు, జీఎస్టీ రిటర్నులు అడిగితే మాట మార్చేస్తారు. పిల్లలు అమ్మకాల బిల్లులు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం దగ్గరే ఆగిపోతున్నారు.

వివరాలు బయటికి పోవని ప్రిన్సిపాల్ సంతకంతో రాసిచ్చాం, ఫలితం లేదు. సరుకు అమ్మేవాళ్లు, కొనేవాళ్ల పేర్లు కొట్టేసి అంకెలు మాత్రం ఇవ్వమంటే "అంకెలే కదా సార్ అసలు సంగతి" అని నవ్వేశారు. అదీ నిజమే. ఒక బ్యాచ్ లెక్కల జోలికి పోకుండా, ఒక్కో లాట్ కటింగ్, కుట్టు, జిప్పు, వాషింగ్, ప్యాకింగ్‌లలో ఎక్కడెంతసేపు ఆగుతోందో ఫోన్‌లో టైం చూసి రాసింది. వాషింగ్‌కు పోయిన సరుకు తిరిగి రావడమే ఆలస్యమని తేలింది. ఓనర్‌కు తెగ నచ్చింది. ఇంటర్వ్యూలో మాత్రం "ఇందులో కామర్స్ ఏముంది?" అన్నారంట.

అకౌంట్స్ ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకునేవాళ్లు, ఇలాంటి ప్రాజెక్టులు చేయించినవాళ్లు చెప్పండి: ఓనర్ పుస్తకాలు తెరవకపోయినా ఎనిమిది వారాల్లో పూర్తయి, ఇంటర్వ్యూలో నిలబడే పని ఏది ఇవ్వొచ్చు?