అద్దె ఇంటి గోడకు బూజు: బాగుచేయించాల్సింది ఎవరు?

ప్రశ్న
హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంటు పై అంతస్తులో, పదకొండు నెలల ఒప్పందం మీద అద్దెకు ఉంటున్నాము. వానలు మొదలైనప్పటి నుంచి పడకగది పైకప్పు మూలన చెమ్మ దిగి, గోడంతా నల్లగా బూజు పట్టి, పెచ్చులు ఊడుతున్నాయి. మేము కిటికీలు మూసి గదిలో బట్టలు ఆరేయడమే కారణమని, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు అడ్వాన్సులో పట్టుకుంటామని యజమాని గారు అంటున్నారు. మరమ్మతుల గురించి ఒప్పందంలో ఒక్క ముక్క కూడా లేదు. ఈ ఖర్చు ఎవరు భరించాలి?

జవాబు 1
నేను సివిల్ ఇంజనీరును. ముందు ఆ తేమ ఎక్కడిదో తేల్చుకోండి. వాన పడినప్పుడల్లా మరక పెరుగుతూ, ఆరాక అంచున గోధుమరంగు చార మిగులుతుంటే, అది చాలావరకు డాబా నుంచో, పారపెట్ గోడ అతుకు నుంచో దిగిన నీరే. బట్టల తేమ వల్ల వచ్చే బూజు ఎక్కువగా బీరువా వెనక, గాలి ఆడని చోట పైపైన చుక్కలుగా కనిపిస్తుంది గాని, పుట్టీని లోపలి నుంచి ఉబ్బించి పెచ్చులు ఊడేలా చేయడం అరుదు. అనుమానం తీరకపోతే, గోడను తుడిచి ఆరనిచ్చి, అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. గోడవైపు చెమ్మ చేరితే తేమ గోడలోంచి వస్తున్నట్టు, గదివైపు చేరితే గది గాలిలోంచి వస్తున్నట్టు. ఈలోగా పైన రంగు మాత్రం వేయించకండి, డబ్బు దండగ.

జవాబు 2
చట్టం సంగతి చెబుతాను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం, తాను చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా సమంజసమైన గడువులో యజమాని చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే మెలిక అంతా ‘తాను చేయించాల్సిన’ అన్న మాటలోనే ఉంది. ఒప్పందం మౌనంగా ఉంటే ఆ బాధ్యత యజమానిదేనని నిరూపించడం తేలిక కాదు. మీకు ఎక్కువ పనికొచ్చే అంశం అదే సెక్షన్‌లో ఇంకొకటి ఉంది: మామూలుగా చూస్తే బయటపడని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే, యజమాని దాన్ని అద్దెదారుకు చెప్పి తీరాలి. కాబట్టి మీకంటే ముందు ఉన్నవారిని, ఇరుగుపొరుగును అడిగి, పాత చెమ్మ మీద కొత్త రంగు పూసి ఇచ్చారేమో కనుక్కోండి. సహజమైన అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని కూడా ఆ సెక్షనే చెబుతోంది. కోపంతో అద్దె మాత్రం ఆపకండి. అప్పుడు తగాదా గోడ మీద నుంచి మీ బకాయి మీదికి మళ్లుతుంది.

జవాబు 3
నేనూ ఒక ఫ్లాటు అద్దెకు ఇచ్చినవాణ్ణే. డాబా సాధారణంగా అందరి ఉమ్మడి ఆస్తి గనుక, వాటర్‌ప్రూఫింగ్ చేయించాల్సింది అసోసియేషన్. వారిని కదిలించాల్సింది ఫ్లాటు యజమాని, మీరు కాదు. మీరు బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, వాన లేనప్పుడు కిటికీలు తెరిచి, తేదీలతో ఫొటోలు తీసి వాట్సాప్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. అలా చేస్తే, ఆ మరక ఎప్పటి నుంచి ఉందన్న దాని మీద అడ్వాన్సు లెక్కల రోజున వాదన ఉండదు.