రజాకార్ల జమానా: మీ ఇంట్లో ఏం చెప్పేవారు?

జొన్నచేను: మా నానమ్మకు తొంభై దగ్గర పడుతున్నాయి. తారీఖులు గుర్తుండవు గానీ "రజాకార్ల గడబిడప్పుడు నాకు పదేండ్లు" అంటుంది. ఊరు జనగామ దగ్గర. చీకటి పడితే ఆడవాళ్లు, పిల్లలు జొన్నచేలో పడుకునేవారట. చంటిపిల్లలు ఏడవకుండా గుడ్డలో బెల్లం చుట్టి నోట్లో పెట్టేవారు. మీ ఇళ్లల్లో ఇలాంటివి ఉంటే రాయండి.

కృష్ణ ఒడ్డు: మావాళ్లు నల్లగొండ వైపు నుంచి సరిహద్దు దాటి జగ్గయ్యపేట చేరారు. అక్కడ హాలీ సిక్కా (నిజాం రూపాయి) చెల్లదు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు (ఇండియా రూపాయలు) రావాలి. అవసరంలో ఉన్నవాడికి అంత ఎవడిస్తాడు? మా తాత ఐదే తెచ్చాడని నాయనమ్మ చచ్చేదాకా దెప్పింది.

బురుజు: మాది బైరాన్‌పల్లి పక్క ఊరు. ఆ ఊరి బురుజు మీద కాపలావాళ్లు నగారా కొడితే జనం జాగ్రత్తపడేవారు. రజాకార్లను తిప్పికొట్టారు కూడా. 1948 ఆగస్టు 27న మాత్రం ఆపలేకపోయారు. బురుజు ఇప్పటికీ ఉంది. ఆ మాటెత్తితే మా తాత లేచి బయటికి పోయేవాడు.

దర్జీ మనవడు: ఇంకో వైపుది కూడా రాయనివ్వండి. మావాళ్లది బీదర్ వైపు. భారత సైన్యం నిజాం రాజ్యంలోకి రావడాన్ని మా ఇంట్లో 'పోలీస్ యాక్షన్' అంటారు. సెప్టెంబర్ 13న మొదలై 17కల్లా అయిపోయిందని పుస్తకాల్లో ఉంటుంది. మాకు అసలు భయం మొదలైందే అప్పుడు. దాదా బట్టలు కుట్టుకునేవాడు, రజాకార్లలో చేరలేదు. అయినా పదకొండు రోజులు గడ్డివాములో దాక్కున్నాడు. అన్నం తెచ్చిపెట్టింది పక్కింటి లింగాయత్‌లు. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేలు ఉంటారని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా.

జొన్నచేను: రాసినందుకు థాంక్స్ భాయ్. మా ఊళ్లో మసీదు పక్క ఇళ్లు ఎప్పుడు ఖాళీ అయ్యాయో అడిగితే ఎవరూ చెప్పరు.

మూసీ కాలువ: సూర్యాపేట వైపు 17 తర్వాత కూడా నిమ్మళం లేదు. పగలు మిలిటరీ, రాత్రి కమ్యూనిస్టు దళం. 1951 అక్టోబర్‌లో పోరాటం ఆపేదాకా ఇదే టెన్షన్. తడి గిన్నెలు ఎక్కువ కనబడితే తెల్లారి మిలిటరీవాళ్లు నిలదీస్తారని, దళానికి వండిపెట్టాక మా ముత్తవ్వ గిన్నెలు తోమి, తుడిచి, మసి పూసి బోర్లించేదట.

జొన్నచేను: ఇది నానమ్మకు చదివి వినిపించా. "మసి గాదు, బూడిద" అంది. నీకెట్ల తెలుసు అంటే అటు తిరిగి పడుకుంది.