పాతిక వేలల్ల వీడియో కెమెరా, రాత్రంత నడిచే బాగోతం రికార్డు చెయ్యనీకి ఏది తీస్కోవాలె?

దేవరకొండ పోరడు

అందరికి నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. మా తాత బాగోతంల హార్మోని వాయిస్తడు, వాళ్ల మేళంల ఇప్పుడు పాతోళ్లే మిగిలిన్రు, కొత్త పోరగాళ్లు ఎవ్వరు నేర్సుకుంటలేరు, గందుకే మొత్తం ఆట ఒక్కసారన్న మంచిగ రికార్డు చేసి పెట్టాలె అని ఉన్నది. యూట్యూబుల పెట్టి పైసలు సంపాయించుడు గాదు, ఇంట్ల ఉండాలె, రేపు ఎవరన్న నేర్సుకుంటం అంటె సూపియ్యాలె, గంతే.

కెమెరా అంటె నాకు అసలే తెల్వదు. బడ్జెట్ 25 వేలు, ఇంకో రెండు వేలు అటిటు. ఆట రాత్రి తొమ్మిదింటికి షురువైతె తెల్లారేదాక నడుస్తది, గుడి ముంగట పందిరేసి రెండు ఫోకస్ లైట్లు పెడ్తరు, మైకుసెట్ ఉంటది. ఆన్‌లైన్‌ల 4కే, 48 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్ అని ఆరేడు వేలకే హ్యాండీక్యామ్‌లు కనవడుతున్నయి, ఆ కంపెనీల పేర్లు ఎన్నడు ఇనలే, గవి పనికొస్తయా? మా బావ డల్లాస్‌ల ఉంటడు, దసరాకు వస్తుండు, ఆడ సస్తాకు దొరుకుతది తేవాల్నా అంటుండు. మా దోస్తేమొ డీఎస్ఎల్ఆర్ తీస్కోరా అని ఒకటే పోరు. జర ఎవరన్న చెప్పుండ్రి.

చిట్యాల చిన్నోడు

ఆ ఆరేడు వేలవి ముట్టకు బ్రో. లోపల సెన్సర్ (వెలుతురును బొమ్మగ పట్టే ముక్క) గోరంత ఉంటది, దాంట్ల వచ్చిన చిన్న బొమ్మను సాఫ్ట్‌వేర్‌తోని సాగదీసి 48 మెగాపిక్సెల్, 4కే అని డబ్బ మీద రాస్తరు. 16ఎక్స్ గూడ డిజిటల్ జూమే, అంటె ఉన్న బొమ్మల నడిమి ముక్క కోసి పెద్దగ చేసుడు, గది నీ ఫోన్‌ల వేలుతోని చేస్కోవచ్చు. రాత్రిపూట అయితె ముఖాలు కాదు, మరకలు వస్తయి. ఏ కెమెరా చూసినా ఆప్టికల్ జూమ్ (లెన్సు అద్దాలు కదిలి నిజంగ దగ్గరికి తెచ్చేది) ఎంత అని ఒక్కటే అడుగు, దుకాణపాయన నీళ్లు నమిలితె అర్థం చేస్కో.

మిర్యాలగూడ స్టూడియో

తమ్మీ, నేను పెండ్లిళ్లు తీస్త, టేపుల కాలం నుంచి ఇదే పని. నువ్వు అడిగిన తీరు మంచిగున్నది, మంది ఉట్టిగ "మంచి కెమెరా ఏది" అని అడుగుతరు, నువ్వు ఏం తీస్తవో చెప్పినవు. నీ పనిల మూడు సంగతులు ఉన్నయి, తెల్లార్లు ఆగకుండ తిరగాలె, తక్కువ లైటు, సౌండు. వీటిల మొదటిదాంతోనే సగం కెమెరాలు ఎగిరిపోతయి.

డీఎస్ఎల్ఆర్ సంగతి చెప్త. కెనాన్ 700డి, 200డి అసొంటివి సెకండ్‌హ్యాండ్‌ల నీ బడ్జెట్ దగ్గర్ల దొరుకుతయి, బొమ్మ హ్యాండీక్యామ్ కంటె మస్తు మంచిగొస్తది, రెండిట్ల బయటి మైకు పెట్టుకునే రంధ్రం గూడ ఉన్నది. 1500డిల మైకు రంధ్రమే లేదు, అది వీడియోకని తీస్కోకు. గానీ ఈ డీఎస్ఎల్ఆర్‌లు 29 నిముషాల 59 సెకండ్లకు రికార్డింగ్ ఆపేస్తయి. అరగంట దాటి రికార్డు చేస్తె అది వీడియో కెమెరా లెక్కలకు వస్తదని యూరప్ దిక్కు పన్ను ఎక్కువ పడుతుండె, గందుకే కంపెనీలు ఆ గీత గీసుకున్నయి, మనకేమొ ఆ తద్దినం ఉట్టిగ తగిలింది. పెండ్లిల అయితె ముక్కలు ముక్కలు తీస్తం గనక నడుస్తది, బాగోతంల మాత్రం వేషం లోపలికొచ్చి దరువెత్తుకున్న టైముకే అది టిక్కుమని ఆగుతది, నువ్వు నిద్రమబ్బుల చూస్కోవు, పది నిముషాలు పోయినంక చూస్తవు. పైంగ ఎండాకాలం రాత్రి గంటలకు గంటలు నడిపితె ఒళ్లు కాలి బందైతది.

ఇగ నీకు సెట్టయ్యేది చిన్న హ్యాండీక్యామ్. సోనీ సీఎక్స్405 అని 2015ల వచ్చిన మోడల్, పాతదే గాని ఆగకుండ తిరుగుతది, 30ఎక్స్ ఆప్టికల్ జూమ్, ఫుల్ హెచ్‌డి సెకండుకు 50 ఫ్రేములు. కొత్తది స్టాకున్నదో అడుగు, లేకుంటె సెకండ్‌హ్యాండ్‌ల చూడు. లోపాలు గూడ చెప్త, సెన్సర్ చిన్నది, మైకు రంధ్రం లేదు.

సెన్సర్ చిన్నదైనప్పుడు ఒక ఉపాయం ఉంటది, గిది మా దగ్గర పనికి వచ్చిన పోరగాళ్లందరికి మొదలు చెప్పే ముచ్చట. దీని లెన్సు వైడ్‌ల, అంటె జూమ్ చెయ్యకుండ ఉన్నప్పుడు ఎఫ్1.8, మొత్తం జూమ్ చేస్తె ఎఫ్4, ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతె అంత ఎక్కువ వెలుతురు లోపలికొస్తది. అంటె జూమ్ గుంజినంక లోపలికొచ్చే వెలుతురు ఐదోవంతుకు పడిపోతది. ఎన్కకు కూసొని జూమ్ చేసి తీసినోడికి బొమ్మ నిండ చీమలు పాకినట్టు గ్రెయిన్స్ వస్తయి, అదే కెమెరా పందిరికి పది పన్నెండు అడుగుల దూరంల పెట్టి జూమ్ ముట్టకుండ తీసినోడికి సాఫుగ వస్తది. కాబట్టి ముంగట జాగ సంపాయించు, పొద్దుగూకక ముందే స్టాండ్ పాతు, లేకుంటె పిల్లలు వచ్చి సాపలేసుకుంటరు.

ఇంకోటి, ముఖానికి అర్దళం పూసి, కిరీటానికి భుజకీర్తులకు అద్దాలు పెడ్తరు గద, ఎనక చీకటి, ముంగట ఫోకస్ లైటు. కెమెరాను ఆటో మీద ఇడిస్తె అది చీకటిని చూసి వెలుతురు పెంచుతది, వేషం ముఖం తెల్లగ సున్నం కొట్టినట్టైతది. మెనూలకు పోయి ఎక్స్‌పోజర్‌ను, అంటె బొమ్మ వెలుతురును, మాన్యువల్ చేసి, వేషం ముఖంల కండ్లు బొట్టు సాఫుగ కనవడేదాక తగ్గించి అట్లనే ఇడువు. వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిగ్గ వచ్చేటట్టు చేసేది) గూడ ఒక్కసారి సెట్ చేసి వదిలెయ్.

బావ అమెరికా నుంచి తెచ్చేది మాత్రం వద్దు. ఆడ కరెంటు 60 హెర్ట్జ్, అంటె సెకండుకు 60 సార్లు ఊగుతది, మనది 50. ఆడ అమ్మే హ్యాండీక్యామ్ 60 ఫ్రేముల మీద తిరుగుతది, మన ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీ ఫోకస్‌ల కింద పెడితె బొమ్మల నల్లగీతలు పైనుంచి కిందికి పాకుతయి. పెద్ద కెమెరాలల్ల షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు తీస్కునే టైము) సెకండుల 1/50 గాని 1/100 గాని పెట్టి పోగొట్టుకోవచ్చు, గీ చిన్నవాటిల షట్టర్ మన చేతిల ఉండదు. వారంటీ లొల్లి వేరే.

పాలమూరు అక్క

స్టూడియో అన్న చెప్పింది రాత్రి ఆటకు కరెక్టే, నేను మాత్రం వేరేది అంట. తమ్ముడూ నీ ఫోన్ ఏది? నాలుగైదేండ్ల లోపు ఫోన్ అయితె సగం పని దాంతోనే అయితది, పాతిక వేలు మొత్తం కెమెరాకే పెట్టనీకి తొందరేమిటికి.

నేను జడ్చర్ల దగ్గర ఆడోళ్ల పాటలు తీస్తుంట, బతుకమ్మ పాటలు, నాట్లప్పటి పాటలు. అవన్నీ ఫోన్‌తోనే. మంచి స్టాండ్ ఒకటి, కాలర్ మైకు ఒకటి, గంతే సామాను. బోయా బీవై-ఎం1 అని వైరు మైకు, ఆరు మీటర్ల వైరుంటది, వెయ్యి రూపాయల దగ్గర్ల వస్తది, ఫోన్‌కు కెమెరాకు రెండిటికి పనిచేస్తది, స్విచ్ మార్చుకోవాలె. ఫోన్‌తోని తీసేటప్పుడు ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టు, లేకుంటె నడిమిల ఫోనొచ్చి రికార్డింగ్ ఆగుతది.

అసలు ముచ్చటేందంటె, నువ్వు నేర్సుకునేటోళ్లకు పనికిరావాలె అన్నవు గద. రాత్రి ఆట మొత్తం తీస్తె చూడనీకి బాగుంటది గాని దాన్ని చూసి హార్మోని ఎవరు నేర్సుకుంటరు? ఆ వీడియోల మీ తాత ఓ మూలకు కూసొని ఉంటడు, ఆయన వేళ్లే కనవడవు. పగటిపూట ఇంటి అరుగు మీద కూసోవెట్టు, వెలుతురు పక్కనుంచి పడాలె, ఫోన్‌ను స్టాండ్‌కు కట్టి పైనుంచి హార్మోని మెట్ల మీదికి చూసేటట్టు పెట్టు, ఒక్కో దరువు ముందు నిదానంగ, తర్వాత ఆటల వాయించే జోరుల వాయించమను. ఆయన బెల్లోస్ (హార్మోని గాలితిత్తి) కొట్టే చెయ్యి గూడ ఫ్రేమ్‌ల ఉండాలె, గాలి ఎప్పుడు ఎంత ఇడుస్తడో దాంట్లనే ఉంటది సగం విద్య. మద్దెలాయనను గూడ అట్లనే. అడుగులు నేర్పేటాయనను కాళ్లు నేల కనవడేటట్టు నిలువెత్తు తియ్, ముఖం మీదికి పోకు. ఇదంత ఫోన్‌తోనే అయితది, దీనికి కెమెరా కొనేదే లేదు. ఇగ మిగిలిన పైసలతోని రాత్రి ఆటకు సెకండ్‌హ్యాండ్ హ్యాండీక్యామ్ కొంటవో కిరాయికి తెస్తవో నీ ఇష్టం, ఒక్క రాత్రికి కిరాయే నయం అనిపిస్తది నాకైతె.

మిర్యాలగూడ స్టూడియో

అక్కా పగటి షూటింగ్ మాట మంచిగ చెప్పినవు, నాకు తట్టలే. కిరాయి మాటకు మాత్రం ఒప్పుకోను. కొత్తోడు కిరాయి కెమెరా తెచ్చి అదే రాత్రి మెనూ ఎతుక్కుంటె పని ఖరాబ్ అయితది. చేతిల ఉంటె వారం ముందు నుంచి వాకిట్ల లైటు కింద తీసి చూస్కుంటడు.

మైకుసెట్ మామ

అందరు బొమ్మ బొమ్మ అంటున్నరు, బాగోతం అంటె పాట గాదురా అయ్యా. బొమ్మ జర మసకగున్నా చూస్తరు, పాట ఇనరాకపోతె రెండు నిముషాలు గూడ చూడరు.

హ్యాండీక్యామ్‌ల ఉన్న మైకు ఎట్లుంటదంటె, చిన్నగ పాడుతుంటె తనంతట తనే సౌండు పెంచుతది, మద్దెల గట్టిగ పడంగనే ధబాల్న తగ్గిస్తది, మల్ల పెంచుతది. ఇంటుంటె ఎవరో వాల్యూమ్ తిప్పుతున్నట్టు ఉంటది. గందుకే సౌండు వేరే రికార్డు చెయ్. జూమ్ అనే కంపెనీది హెచ్1ఎన్ అని చిన్న రికార్డర్ వస్తది, రెండు సన్న బ్యాటరీల మీద నడుస్తది, అది కొనలేకపోతె ఇంట్ల ఉన్న పాత ఫోన్ పెట్టు. లెవెల్ ఎట్ల పెట్టాలంటె, ఆట షురూ గాకముందు మద్దెలాయనను ఉన్నంత గట్టిగ కొట్టమని చెప్పి, ఆ దెబ్బకు తెర మీది సౌండు గీత మైనస్ 12 డెసిబెల్ దాటకుండ పెట్టు. ఆ మీద ముట్టకు. రికార్డర్‌ను సౌండు బాక్సు ముంగట పెట్టకు, పక్కకు, మేళం దిక్కు చూసేటట్టు పెట్టు, జనరేటర్‌కు దూరం.

మైకుసెటోన్ని అడుగు, ఆంప్లిఫయర్ ఎన్క రికార్డ్ అవుట్ గాని లైన్ అవుట్ గాని (రికార్డింగ్‌కు సౌండు బయటికిచ్చే రంధ్రం) ఉంటె ఆడికెల్లి వైరు తీస్కోవచ్చు, మాటలు పద్యాలు చాన క్లియర్‌గ వస్తయి. గానీ దాని మీదనే ఆధారపడకు, ఎందుకంటె మైకుల పడేది పాటే, గజ్జెలు తాళాలు మైకులకు పోవు, ఆ వైరుల నుంచి వింటె ఆట సచ్చినట్టుంటది. రెండు రికార్డు చేసి తర్వాత కలుపుకోవాలె.

కలుపుడెట్లంటె, కెమెరా రికార్డర్ రెండు ఆన్ చేసినంక కెమెరా ముంగట నిలబడి ఒక్క చప్పట్లు గట్టిగ కొట్టు, ఎడిటింగ్‌ల ఆ చప్పుడు ఆ చేతులు ఒక్క కాడికి తెస్తె అయిపాయె. చివర్ల గూడ ఒకటి కొట్టు. రెండు మెషిన్ల గడియారాలు సరిగ్గ ఒక్క తీరు నడవవు, గంటలు గడిచినకొద్ది పెదవులకు మాటకు తేడా వస్తది, చివరి చప్పట్లు ఉంటె ఎంత జరిగిందో తెలుస్తది, ముక్కలు కోసి సరిచేస్కోవచ్చు. ఫోన్‌తోని వీడియో తీస్తె ఈ పరేషానీ ఇంకా ఎక్కువ, ఫోన్లు ఫ్రేములు ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ తీస్తయి.

దేవరకొండ పోరడు

అందరికి మస్తు థాంక్స్. అక్క చెప్పినట్టు పగటిపూట తాతతోని ఫోన్‌ల మొన్న అమాసకు మొదలు పెట్టిన, మెట్ల మీదికి ఫోన్ పెట్టంగనే "నా మొకం రావద్దా" అని కోపానికొచ్చిండు, తర్వాత వీడియో చూసి తన వేళ్లు తనే చూస్కొని మల్ల ఇంకోటి తియ్ అన్నడు. రాత్రి ఆటకు హ్యాండీక్యామే చూస్తున్న, కోఠికి పోయి సెకండ్‌హ్యాండ్ చూస్త. బావకు వద్దని చెప్పిన.

రెండు డౌట్లు. మెమొరీ కార్డు ఎంతది తీస్కోవాలె? సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు ఏం చూడాలె?

మిర్యాలగూడ స్టూడియో

సీఎక్స్405 అయితె మైక్రో ఎస్‌డి కార్డు పడ్తది. ఎక్కువ క్వాలిటీల సెకండుకు 50 మెగాబిట్లు రాస్తది, అంటె గంటకు 22 జీబీ మీద. 28 మెగాబిట్లల్ల గంటకు 12, 13 జీబీ. నీకు రెండోది చాలు, అట్లయితె 64 జీబీ కార్డు దగ్గర దగ్గర ఐదు గంటలు వస్తది. ఒక్క పెద్ద కార్డు కంటె 64వి రెండు తీస్కో, నడిమిల చాయ్‌కి ఆపినప్పుడు మార్చు, ఒకటి ఖరాబైనా సగం ఆట మిగులుతది. కార్డు మీద క్లాస్ 10 అనే స్పీడు గుర్తు తప్పకుండ ఉండాలె. బజార్ల నకిలీ కార్డులు మస్తున్నయి, కొన్నంక కంప్యూటర్‌ల హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెట్టి మొత్తం నింపి చూడు, 64 అని రాసి లోపల 8 ఉంటె ఆడ్నే దొరుకుతది.

సెకండ్‌హ్యాండ్‌ల: నీ కార్డు నువ్వు తీస్కపో, దుకాణంల పది నిముషాలు ఆగకుండ రికార్డు చేసి అదే కెమెరాల కాదు, ల్యాప్‌టాప్‌ల వేసి చూడు. లెన్సు మూత పెట్టి నల్లగ కూడ ఒక్క నిముషం తియ్, తెల్ల చుక్కలు కదలకుండ కనవడితె సెన్సర్‌ల ఆ చుక్కలు ఖరాబైనట్టు. జూమ్ లోపలికి బయటికి నడిపించి చెవి దగ్గర పెట్టి ఇను. లెన్సుల లైటు కొట్టి చూడు, సాలెగూడు లెక్క తెల్లగుంటె ఫంగస్, వదిలెయ్. బ్యాటరీ ఎన్‌పి-బిఎక్స్1, పాతది ఉబ్బి ఉండొచ్చు, కొత్తవి రెండు తీస్కో. బిల్లు లేకుంటె కొనకు, దొంగమాలు కేసులు మనకెందుకు.

తీసినంక రెండు హార్డ్ డిస్కుల పెట్టు, ఒకటి మీ ఇంట్ల, ఇంకోటి వేరే ఊర్ల. మా దగ్గర మినీడీవీ టేపులు డబ్బల నిండ ఉన్నయి, జనం వాళ్ల పెండ్లి కావాల్నని వస్తరు, ఆడించే మెషిన్ లేదు.

మైకుసెట్ మామ

పోరడా, మీ ఊరి మైకుసెటోని ఆంప్లిఫయర్ ఎన్క భాగం ఫోటో ఒకటి పెట్టు. ఎర్రపు తెల్లపు రంధ్రాలు ఉన్నయంటె ఒక తీరు వైరు కావాలె, లావు పిన్నుది ఒక్కటే ఉంటె ఇంకో తీరు. స్పీకర్‌కు పోయే వైరును మాత్రం రికార్డర్‌కు పెట్టకు, కాలిపోతది.