అనుమానం కలిగితే ఠాణాకు చెప్పాలా? చెబితే ఎవరికి, ఎంతవరకు?

అపార్ట్‌మెంట్ కార్యదర్శి, హన్మకొండ:
మా అపార్ట్‌మెంట్‌లో నలభై రెండు ఫ్లాట్లు ఉన్నాయి. మూడో అంతస్తులో తల్లితో కలిసి ఉండే ఒక యువకుడు రెండు నెలలుగా రాత్రిపూట టెర్రస్ మీద తిరుగుతూ తనలో తాను గట్టిగా మాట్లాడుకుంటున్నాడు. నీళ్ల మోటారు విషయంలో గొడవైన రోజున వాచ్‌మన్‌తో "నీ సంగతి చూస్తా" అన్నాడు. ఒక సభ్యుడు ఆ యువకుడి ఫోటో తీసి, "ఇతనితో జాగ్రత్త" అని రాసి గ్రూపులో పెట్టగా, తెల్లవారేసరికి అది పక్క కాలనీల గ్రూపులకూ చేరింది. మరొకరు 100కు ఫోన్ చేశారు. మధ్యాహ్నం జీపు వచ్చి గేటు ముందు ఆగింది; ఫ్లాటు నంబరు తెలియని కానిస్టేబుల్, ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డ నలుగురిని ఆ పిల్లవాడి పేరు చెప్పి అడిగారు. ఆనాటి నుండి ఆ తల్లి లిఫ్టు ఎక్కడం మానేసి, కూరగాయల సంచితో మెట్ల మీదుగానే వెళ్తున్నారు. పోలీసులకు చెప్పడమే పొరపాటా, లేక చెప్పిన తీరు పొరపాటా అన్నది ఆదివారం సమావేశంలో తేలాలి. మీ అభిప్రాయాలు రాయగలరు.

ఇద్దరు పిల్లల తండ్రి, అదే అపార్ట్‌మెంట్:
100కు ఫోన్ చేసింది నేనే, అందుకు నేను చింతించడం లేదు. రేపు ఏదైనా జరిగితే, ముందే తెలిసి ఎందుకు ఊరుకున్నారని అడిగేది కూడా మనవాళ్లే. హత్య వంటి ఘోరానికి ఎవరైనా సిద్ధపడుతున్నారని తెలిసినప్పుడు పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పడం పౌరుడి బాధ్యత అని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షన్ చెబుతోంది కదా. ఆ కుటుంబం పరువు గురించి ఇంతగా ఆలోచిస్తున్నవారు, వాచ్‌మన్‌దీ ప్రాణమేనని మరచిపోకూడదు.

న్యాయవాది, వరంగల్:
సోదరులు ఉదహరించిన సెక్షన్ సరైనదే కానీ, అది చట్టం జాబితా కట్టిన నేరాలకు, వాటిని చేసే ఉద్దేశానికి వర్తిస్తుందే తప్ప, రాత్రి టెర్రస్ మీద తిరగడానికి వర్తించదు. అయినా ఫోన్ చేయడాన్ని నేను తప్పుపట్టను. అబద్ధమని తెలిసీ పోలీసులకు సమాచారం ఇస్తేనే భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద శిక్ష. నిజాయితీగా చెప్పినది తరువాత పొరపాటని తేలినంత మాత్రాన అది నేరం కాదు. నా అభ్యంతరం ఫోటో మీద. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చినప్పుడు, ప్రభుత్వం ఆ హక్కులో జోక్యం చేసుకోవాలన్నా చట్టం, సరైన లక్ష్యం, ఆ లక్ష్యానికి తగిన మోతాదు ఉండాలన్నది. ఆ తీర్పు ప్రధానంగా ప్రభుత్వాన్ని ఉద్దేశించినది కావచ్చు, కానీ ఆ మోతాదు కొలత మనకూ పనికివస్తుంది: గ్రూపులో ఆ ఫోటో చూసిన వారిలో ఒక్కరైనా చేయగలిగిన పని ఏమిటి?

ఇక్కడ ఒక అమెరికా కేసు గుర్తుకు వస్తోంది. 1969లో బర్క్‌లీలో ఒక విద్యార్థి ఒక యువతిని చంపుతానని తన సైకాలజిస్టుతో చెప్పాడు. ఆయన క్యాంపస్ పోలీసులకు తెలియజేశారు. వారు అతణ్ణి పట్టుకుని, స్థిమితంగానే ఉన్నాడని వదిలేశారు. ప్రమాదం పొంచి ఉందని ఆ యువతికి గాని, ఆమె తల్లిదండ్రులకు గాని ఎవరూ చెప్పలేదు, చివరకు ఆమె హత్యకు గురైంది. అటువంటి ప్రమాదం నుండి ఆ వ్యక్తిని కాపాడేందుకు తగిన జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత చికిత్స చేసేవారికి ఉందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు కార్యదర్శి గారిని ఒకటి అడుగుతాను: మీ గ్రూపులో వాచ్‌మన్ ఉన్నాడా?

మానసిక వైద్య విభాగం నర్సు, కాజీపేట:
అందరూ ఠాణా గురించే రాశారు. ఆ అబ్బాయికి జబ్బు ఉందో లేదో మనకు తెలియదు, కాబట్టి ఆ మాట నేనూ అనను. ఒకవేళ జబ్బు వల్ల తనకో ఇతరులకో ప్రమాదం ఉందని పోలీసులు నమ్మినా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం రక్షణలోకి తీసుకుని, 24 గంటలు దాటకుండా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి; లాకప్‌లో పెట్టరాదు. అదే చట్టం వైద్యుల మీద గోప్యత బాధ్యత పెడుతూనే, మరొకరికి హాని తప్పించడానికి అవసరమైనంత మేరకే సమాచారం బయటపెట్టనిస్తుంది. వైద్యులకే అంత హద్దు ఉంటే పొరుగువారికి ఉండవద్దా? కనీసం ఒకరు ముందుగా ఆ తల్లితో కూర్చుని మాట్లాడి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ సేవ టెలి మానస్ 14416 నంబరు ఇచ్చి ఉండవలసింది. ఎవరైనా వెళ్లారా?

ములుగు రోడ్డు వాసి:
2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ తిరిగిన వాట్సాప్ పుకార్లు మన రాష్ట్రంలోనూ అమాయకుల మీద దాడులకు దారితీశాయి. అవి కూడా "జాగ్రత్త" అన్న మాటతోనే మొదలయ్యాయి.

ఇద్దరు పిల్లల తండ్రి:
ఫోటో తీసివేయమని ఇప్పుడే ఆ సభ్యుడికి చెప్పాను. పక్క కాలనీల్లోకి వెళ్లినదాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. ఫోన్ విషయంలో నా మాట మార్చుకోను. అయితే ఆ రోజు నేను "ఒక పిచ్చివాడు ఉన్నాడు" అన్నాను తప్ప, ఏ రోజున, ఎవరితో, ఏమన్నాడో చెప్పలేదు. ఫ్లాటు నంబరు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఇస్త్రీ బండి దగ్గర అడగవలసిన అవసరం వచ్చేది కాదు.

అపార్ట్‌మెంట్ కార్యదర్శి:
న్యాయవాది గారికి జవాబు: వాచ్‌మన్ గ్రూపులో లేడు. ఇన్ని రోజుల్లో అతణ్ణి అడిగినవారూ లేరు. ఈ ఉదయం నేను అడిగితే, "తెల్లారి తనే వచ్చి చాయ్ తాగించిండు సార్" అన్నాడు. కాసేపాగి, "అయినా రాత్రి గదికి లోపల గొళ్లెం పెట్టుకుంటున్న" అన్నాడు. ఆ తల్లి దగ్గరకు సాయంత్రం నా భార్య, నేను వెళ్తున్నాము.