మేక్‌ఫైల్‌లో ఇవాల్‌తో రూల్స్ పుట్టిస్తుంటే $@, $^ ఖాళీగా వస్తున్నాయి

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేక్ (ప్రోగ్రాముల్ని బిల్డ్ చేసే టూల్) వాడే నా ప్రాజెక్ట్‌లో 12 ప్రోగ్రాములు, ఒక్కోదానికి వేరే ఆబ్జెక్ట్ ఫైళ్ళు (కంపైల్ అయిన ముక్కలు). ఇన్నాళ్ళూ ఒకే రూల్‌ని (ఏ ఫైల్‌ని వేటినుంచి ఎలా తయారుచెయ్యాలో చెప్పేది) 12 సార్లు కాపీ చేసుకుంటూ వచ్చా, ఒక్క ఫ్లాగ్ మారినా 12 చోట్లా మార్చాలి, విసుగొచ్చేసి నిన్న డిఫైన్‌తో టెంప్లేట్ రాసి ఫోరీచ్‌లో (లిస్ట్‌లో ఒక్కోదానికీ తిరిగేది) ఇవాల్ (వచ్చిన టెక్స్ట్‌ని మేక్‌ఫైల్‌లా చదివించేది), అందులో కాల్ (టెంప్లేట్‌లో పేర్లు నింపేది) పెట్టా. రూల్స్ వస్తున్నాయి గానీ లింక్ దగ్గర కంపైలర్ జీసీసీ '-ఓ' (అవుట్‌పుట్ ఫైల్ పేరు చెప్పే ఆప్షన్) తర్వాత ఫైల్ పేరు లేదని ఆగిపోతోంది. రెసిపీలో (రూల్ కింద నడిచే కమాండ్లలో) $@ (టార్గెట్, అంటే తయారయ్యే ఫైల్ పేరు), $^ (దానికి కావాల్సిన ఫైళ్ళన్నీ) రాశాను, మామూలు రూల్‌లో ఇవే బాగా పనిచేస్తాయి కదా?

జవాబు 1:
టెంప్లేట్‌లో డాలర్లు డబుల్ చెయ్యండి, $$@, $$^ అని. కాల్ టెంప్లేట్‌ని ముందే ఒకసారి ఎక్స్‌పాండ్ చేసేస్తుంది (వేరియబుల్స్ స్థానంలో విలువలు పెట్టేస్తుంది), అప్పటికింకా ఏ టార్గెట్టూ బిల్డ్ అవ్వట్లేదు కాబట్టి $@ కి విలువే ఉండదు, ఖాళీ అయిపోతుంది. రెండు డాలర్లుంటే కాల్ ఒకటి తినేసి $@ ని అలాగే ఇవాల్‌కి ఇస్తుంది, రెసిపీ నడిచేటప్పుడు దానికి అసలు పేరు వస్తుంది. $(1) కి (కాల్‌కి ఇచ్చిన మొదటి పేరుకి) మాత్రం ఒక్క డాలరే ఉండాలి, అది కాల్ నింపాల్సింది.
ఎప్పుడు అనుమానమొచ్చినా ఇవాల్ ఉన్నచోట ఇన్ఫో అని మార్చి నడపండి, పుట్టిన రూల్స్ పొల్లుపోకుండా స్క్రీన్ మీదికి వస్తాయి. నేనైతే ఇది చూడకుండా ఇవాల్ జోలికే వెళ్ళను.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ, ఇన్ఫో పెట్టగానే '-ఓ' పక్కన ఖాళీ కళ్ళకి కట్టినట్టు కనిపించింది! ఇప్పుడు 11 లింక్ అయ్యాయి. చివరిదానికి మాత్రం ఇన్‌పుట్ ఫైళ్ళే లేవంటోంది, ఇన్ఫోలో చూస్తే కోలన్ తర్వాత, కావాల్సిన ఫైళ్ళుండాల్సిన చోట, ఏమీ లేదు.

జవాబు 2:
దాని ఆబ్జెక్ట్ లిస్ట్ ఫోరీచ్ లైన్ కింద రాసుంటారు, పైకి జరపండి. రెసిపీ అయితే నడిచేటప్పుడు ఎక్స్‌పాండ్ అవుతుంది గానీ కోలన్ పక్కనున్నవి మేక్ ఆ మేక్‌ఫైల్‌ని చదువుతున్నప్పుడే అయిపోతాయి, కింద రాసిన వేరియబుల్ అప్పటికింకా పుట్టలేదు.
ఇంకో మాట, మీకసలు టెంప్లేటే అక్కర్లేదు. ఒక టార్గెట్‌కి డిపెండెన్సీలు (కోలన్ కుడిపక్క ఫైళ్ళు) ఎన్ని రూల్స్‌లోనైనా ఇవ్వొచ్చు, రెసిపీ ఒక్కచోటే ఉండాలి. అందుకని ప్రోగ్రాములన్నిటినీ కోలన్‌కి ఎడమపక్క పెట్టి కింద రెసిపీ ఒక్కసారే మామూలుగా $@, $^ తో రాసెయ్యండి, ఫోరీచ్‌లో ఇవాల్‌కి 'ప్రోగ్రాము : దాని ఆబ్జెక్ట్‌లు' అన్న ఒక్క లైనే వదలండి. రెసిపీ ఇవాల్ బయటే ఉంటుంది, డబుల్ డాలర్ల గొడవ ఉండదు, రేపు ఫ్లాగ్ మారినా ఒక్కచోటే మారుస్తారు.